పాటు వేళకు ఆగిపోయే యంత్రం

షంషాద్ మూడో ర్యామ్‌ను కూడా ఊడదీసి పొడిగుడ్డ మీద పెట్టింది. గేట్లను నడిపే కంప్యూటరు కట్టమెదడులో ఇక ఒక్కటే మిగిలింది. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీద ఎర్రదీపం రెండుసార్లు మిణుక్కుమని పచ్చగా మారింది. తెర మీద ఇరవై రెండు గేట్లు ఒకదాని కింద ఒకటి లేచి, తమ ఎత్తు, తమ బిగువు, తమ ఎదుటి సముద్రమట్టం చెప్పుకుని నిలబడ్డాయి.

“లేచిందామ్మా?” గుమ్మం దగ్గర నుంచే అడిగాడు లస్కరు నాంచారయ్య. కాళ్లకు బురద ఉంటే ఆయన యంత్రం గదిలోకి రాడు. కడలికట్ట మీద ఈ తొమ్మిదో స్టేషన్ పెట్టిన నాటి నుంచీ గేట్లు చూసుకుంటున్న మనిషి.

“లేవడానికేం బాబాయ్, ప్రతిసారీ లేస్తూనే ఉంది. నిలబడటం దగ్గరే తంటా.”

ఆదివారం ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు పని సులువుగానే కనిపించింది. పందొమ్మిదేళ్ల ఉప్పుగాలికి పాత మదర్‌బోర్డు మీద పచ్చటి చిలుము పట్టింది. కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్‌లు, పవర్ సప్లై అన్నీ మార్చెయ్యమని తీర కేంద్రం ఆర్డరు వేసింది. ఆమె అన్నీ మార్చింది. డిస్కు ఒక్కటే పాతది ఉంచింది. అందులో కట్టమెదడు అనుభవ పొర ఉంది. పందొమ్మిది వానాకాలాల్లో ఏ గాలికి సముద్రం ఎంత పొంగింది, ఏ గేటు ఎంత ఎత్తితే లోపలి నీరు ఎంత సేపట్లో దిగింది అన్న జ్ఞాపకమంతా అక్కడే ఉంది. దాన్ని మార్చడమంటే గేట్లను కొత్త చేతుల్లో పెట్టడమే.

సోమవారం మధ్యాహ్నం యంత్రం మొదటిసారి ఆమె కళ్లముందే కుప్పకూలింది. తెర నల్లబడింది, ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా ఊది ఆగాయి. తిరిగి లేచాక ఒక్కో గేటునూ పలకరించి లెక్క సరిచూసుకునే సరికి నలభై నిమిషాలు పట్టింది. సముద్రం వెనక్కి తగ్గి ఉండేది పూటకు రెండు గంటలే. ఆ రెండు గంటల్లోనే లోపలి వాననీటిని బయటికి తోసెయ్యాలి. అందులో నలభై నిమిషాలు పోతే కట్ట లోపలి లంకపూడిలో నీళ్లు అలాగే నిలిచిపోతాయి. వాయుగుండం వచ్చి వెళ్లి వారం కావస్తోంది. ఊళ్లో ఆసుపత్రి మెట్ల మీద ఇంకా మోకాలి లోతు నీరుంది.

ఒకసారికి ఒక్కటే మార్చడం ఆమె పని నేర్చుకున్న తొలి రోజుల్లోనే చేతికి అలవాటైంది. రెండు మారిస్తే జబ్బు కుదిరినా ఎందుకు కుదిరిందో తెలియదు. సోమవారం వేడి అనుకుంది. ప్రాసెసర్ మీద లేపనం తుడిచి మళ్లీ రాసింది, ఫ్యాను తిప్పి బిగించింది. యంత్రం వేడి అరవై డిగ్రీలు దాటలేదు, అయినా కూలింది. మంగళవారం కరెంటు అనుకుని పాత పవర్ సప్లై మళ్లీ పెట్టింది. ఎర్తు తీగను కట్ట కింది తడిమన్నులోకి కొత్తగా దింపింది. కూలింది. బుధవారం ర్యామ్‌లు ఒక్కొక్కటే తీసి పరీక్ష పెట్టింది. ఎనిమిది గంటల పరీక్షలో ఒక్క తప్పు లేదు. ఈ తెల్లవారుజామున అది మళ్లీ కూలింది.

నాంచారయ్య కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు పక్కనున్న కాగితం మీద ఆమె కూలిన వేళలన్నీ వరసగా రాసి ఉంచింది. సోమవారం తెల్లవారుజామున రెండూ ఇరవై, మధ్యాహ్నం రెండూ నలభై అయిదు. మంగళవారం మూడూ పది, మూడూ ముప్పై అయిదు. బుధవారం నాలుగు, నాలుగూ ఇరవై అయిదు. ఈ రోజు నాలుగూ యాభై.

“ఎండకే అనుకుంటే తెల్లారగట్ల ఎందుకు కూలాలి? పోనీ పొద్దుటి చలికనుకుంటే మధ్యాహ్నం కూడా కూలుతోంది,” అంది ఆమె తనలో తాను అనుకుంటున్నట్టుగా.

నాంచారయ్య కాగితం చేతిలోకి తీసుకుని కళ్లకు దూరంగా పట్టుకున్నాడు.

“ఇయ్యి పాటు టైములు కదమ్మా.”

“ఏంటీ?”

“పోటు దిగిపోయి సముద్రం ఎనక్కి తీసే టయాలు. పూటపూటకీ పాతిక నిమిషాలు జరుగుద్ది. ఇట్టాగే. నువ్వు రాసుకుంది గేట్లు ఎత్తడానికి నాలుగు నిమిషాలు ముందు.”

షంషాద్ గ్లాసు ఎత్తబోయి ఆగింది. నాలుగు రోజులుగా ఆమె వేడినీ, విద్యుత్తునీ, లోహాన్నీ అనుమానించింది. అవేవీ చంద్రుణ్ణి చూసుకుని నడవవు. యంత్రం ఒక పని చెయ్యబోయే ముందు కూలుతోంది, అంటే ఆ పనిలోనే ఏదో ఉంది.

నిజమైన పాటు సాయంత్రం అయిదూ పందొమ్మిదికి. అంతదాకా ఆగక్కర్లేదు. ఆమె గేట్ల మోటార్ల తీగలు విడదీసి, యంత్రానికి ఉత్తుత్తి సముద్రాన్ని చూపించింది. మట్టం తగ్గుతున్నట్టు, వేళ అవుతున్నట్టు. అది వేసే ప్రతి అడుగూ కాగితం మీద అచ్చు పడేలా పెట్టింది. యంత్రం గాలి వేగం అడిగింది, లోపలి మట్టం అడిగింది, గేట్ల బిగువు అడిగింది. తెర నల్లబడింది.

అచ్చులో ఆఖరి వరుసలో ఒకే మాట ఉంది. ‘అడుగు.’

అదొక చిన్న డ్రైవర్ ప్రోగ్రాం. తీర కేంద్రం ఇచ్చిన జాబితాలో దాని పేరు లేదు. పన్నెండేళ్ల కిందట ఎవరో డిస్కులో పెట్టారు. గేట్లు ఎత్తే ముందు అది మదర్‌బోర్డు మీద ఒక నంబరున్న గుమ్మాన్ని, అంటే పోర్టును, తట్టి, జవాబు కోసం చూస్తుంది. పాత బోర్డులో ఆ గుమ్మానికి ఒక తీగ తగిలించి ఉండేది. చీటీ లేని నల్లతీగ. కొత్త బోర్డులో దానికి చోటు లేకపోతే ఆదివారం ఆమే చివర టేపు చుట్టి గోడకు వదిలేసింది. ఇప్పుడు ఆ నంబరు దగ్గర ఉన్నది ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం. ‘అడుగు’ పాత అలవాటుగా వెళ్లి దాన్ని తట్టిన ప్రతిసారీ యంత్రం మొత్తం పడిపోతోంది.

“బాబాయ్, ఆ నల్లతీగ ఎక్కడికి పోతుంది?”

నాంచారయ్య కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు. కట్టకు అవతల పోటు నీరు ఇంకా గేట్ల నడుము దాకా ఉంది. దూరంగా నీళ్ల మధ్య గుల్లదిబ్బ ఇసుక తెల్లగా కనిపిస్తోంది, దాని మీద నీలం పట్టాలు కప్పిన పాకలు.

“పదిహేడో గేటు ముందరున్న బురదలోకి,” అన్నాడు చివరికి. “అక్కడ నేల అదురు పట్టే డబ్బా పూడ్చాం. నేనూ, నీకు ముందు పనిచేసిన విశ్వేశ్వరంగారూ. మనుషులు నడుస్తా ఉంటే దానికి తెలుస్తది. అప్పుడు గేటు ఆరు నిమిషాలు ఆగుద్ది, ఈలోపు నేను పరిగెత్తుకెళ్లి కేకేస్తా.”

“గుల్లదిబ్బ ఖాళీ చేయించి చాలా ఏళ్లయింది కదా? యంత్రం పట్టికలో అక్కడి నివాసితులు సున్నా అని ఉంది.”

“పట్టికలో లేరమ్మా, బురదలో ఉన్నారు. పునరావాసం కాలనీలో ఏం తింటారు? ఆర్నెల్లకే తిరిగొచ్చేశారు. పాటు తీసినప్పుడు ఆడోళ్లు దిగి గుల్లలు ఏరతారు, పీతలు పడతారు. పన్నెండేళ్ల కిందట ఒక రోజు...” ఆయన పదిహేడో గేటు వైపు వేలు చూపించాడు. “గేటు దాని టయానికి అది లేచింది. ఈ కిటికీలోంచే చూశా. ఆ నీళ్ల ఉరవడిలో ఒక మనిషి పోయింది. కేంద్రానికి రాసి పంపిస్తే, అక్కడ నివాసం లేదు కాబట్టి అట్టాంటి సంఘటన జరగడానికి వీల్లేదని జవాబొచ్చింది. ఆ కాయితం చదివాక విశ్వేశ్వరంగారు రెండు రోజులు అన్నం తినలా. మూడో రోజు ఈ డబ్బా పట్టుకొచ్చారు.”

“దానికి ‘అడుగు’ అని పేరెందుకు పెట్టారు? కాలి అడుగనా, అడగమనా?”

“ఆయన్ని నేనూ అదే అడిగా. నవ్వి ఊరుకున్నారు.”

“నాలుగు రోజులుగా నేనిక్కడ తల బద్దలు కొట్టుకుంటుంటే ఎందుకు చెప్పలేదు బాబాయ్?”

“కొత్త సామాను పాడైందనుకున్నా. ఆ డబ్బా వల్లే అని నాకేం తెలుసు? తెలిసినా చెప్పేవాణ్ణో కాదో.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “చెప్తే పీకేస్తారు కదమ్మా.”

మధ్యాహ్నం ఒంటిగంటకు తీర కేంద్రం నుంచి విభాగాధికారి చక్రపాణి ఫోన్ చేశాడు. నాలుగు రోజులుగా నిద్రలేని గొంతు.

“షంషాద్ గారూ, ఏమైనా తేలిందా?”

“జాబితాలో లేని పాత డ్రైవర్ ఒకటుందండీ. కొత్త బోర్డుతో పడటం లేదు.”

“హమ్మయ్య. ఇక వెతుకులాట ఆపండి. డిస్కు తుడిచేసి శుభ్రస్థాపన చెయ్యండి, అన్నీ మొదటి నుంచి ఎక్కించండి. అనుభవ పొర పోతే పోనివ్వండి, ఎనిమిదో స్టేషన్ పొర నకలు పంపిస్తాను. పునర్నిర్ధారణ పత్రం మీద వేలు పెట్టేసి, అయిదూ పందొమ్మిదికి గేట్లు లేచేలా చూడండి. లోపల ఎనభై వేల మంది నీళ్లలో ఉన్నారు. ఆసుపత్రి వాళ్లు నాకు గంటకోసారి ఫోన్ చేస్తున్నారు.”

“తుడవక్కర్లేదండీ. ఆ ఒక్క డ్రైవర్ తీసేస్తే చాలు, యంత్రం నిలబడుతుంది.”

“అయితే అదే తీసెయ్యండి. ఇంతకీ అదేం చేసేది?”

షంషాద్ కిటికీ వైపు చూసింది. “కనుక్కుని చెబుతానండీ,” అంది.

డ్రైవర్ తియ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఉత్తుత్తి సముద్రాన్ని మళ్లీ చూపిస్తే యంత్రం తొణక్కుండా ఇరవై రెండు గేట్లూ ఎత్తింది. తీసిన మూడు ర్యామ్‌లూ వెనక్కి పెట్టింది, కొత్త పవర్ సప్లై బిగించింది, మళ్లీ నడిపింది. ఎక్కడా తేడా లేదు. మామూలుగా అయితే ఆ క్షణంలో ఆమెకు వెన్ను వాల్చాలనిపిస్తుంది. ఇప్పుడు మాత్రం, బాగైన యంత్రం ఎదుట కూర్చుని, ఎదుట మనుషులు దిగే పదిహేడో గేటు తెర మీద లేచి ఉండటం చూస్తూ ఉండిపోయింది.

మూడున్నరకు నీరు తియ్యడం మొదలైంది. ఆమె నాంచారయ్య వెంట కట్ట దిగి బురదలోకి నడిచింది. అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్లు చీరలు పైకి దోపుకుని, నడుముకు బుట్టలు కట్టుకుని దిగి ఉన్నారు. అందరికంటే గేటుకు దగ్గరగా ఉన్నావిడ నడుం ఎత్తి చూసింది. యాభై దాటి ఉంటాయి. చేతులు మోచేతుల దాకా బురద.

“సముద్రాలు,” అని పరిచయం చేశాడు నాంచారయ్య. తర్వాత గొంతు తగ్గించి, “ఆ రోజు పోయింది ఈవిడ చెల్లెలే,” అన్నాడు.

“ఏంది లస్కరూ, ఇయ్యాల మేడాన్ని తీసుకొచ్చావు? మమ్మల్ని లేపడానికా?”

“కాదమ్మా,” అంది షంషాద్. “యంత్రం మార్చాం. మీరు నడిచే చప్పుడు పట్టే డబ్బా ఒకటి ఇక్కడుండేది. అది ఇక పనిచెయ్యదు. కొత్త యంత్రంలో దాన్ని పెట్టే చోటు లేదు. సాయంత్రం గేటు దాని వేళకు అది లేస్తుంది.”

సముద్రాలు చేతిలోని గుల్లను బుట్టలో వేసింది. “అట్టాగైతే మేం దిగకూడదా?”

“ఈ ఒక్క సాయంత్రం కేక వేసి ఆపగలం. రోజూ కుదరదు. బాబాయ్‌కి జ్వరమొస్తే, నిద్ర పడితే? యంత్రంలో ఒక నియమం ముందు నుంచీ ఉంది. గేటు ఎదుట జనం ఉన్నారని పట్టికలో రాస్తే, పావుగంట ముందు సైరన్ వేస్తుంది, గేటు జానెడు జానెడే ఎత్తుతుంది. ఇక్కడ సున్నా రాసి ఉంది కాబట్టి మీరు దానికి లేరు.”

“రాస్తే కేంద్రానికి తెలవదా?”

“తెలుస్తుంది.”

“తెలిస్తే మళ్లీ లారీలు ఏసుకొస్తారా?”

షంషాద్‌కు అబద్ధం చెప్పాలనిపించింది. అది చాలా సులువుగా ఉండేది. “రావచ్చు. రారని నేను చెప్పలేను. రాస్తే లారీ రావచ్చు, రాయకపోతే నీళ్లొస్తాయి. ఏది కావాలో నేను చెప్పేది కాదు. అందుకే అడగడానికి వచ్చాను.”

మిగిలిన ఆడవాళ్లు దగ్గరికి వచ్చారు. కాసేపు వాళ్లలో వాళ్లు గబగబా మాట్లాడుకున్నారు. ఒకామె వద్దని తల అడ్డంగా ఊపింది. ఇంకొకామె కట్ట వైపు చెయ్యి చూపించి ఏదో గట్టిగా అంది. సముద్రాలు అందరి మాటా విన్నది. బురదచేత్తోనే ముక్కు తుడుచుకుంది.

“మా చెల్లెలు పోయినప్పుడు ఈ లస్కరు నాతో ఏవన్నాడో తెలుసామ్మా? అక్కా, కాయితంలో నీ చెల్లెలు పుట్టనే లేదంట అన్నాడు. ఏడుస్తా అన్నాడులే. లారీ వస్తే లారీకడ్డంగా నిలబడి కొట్లాడతాం. నీళ్లతో ఎట్టా కొట్లాడతాం? రాసెయ్యి.”

“ఎంతమంది?”

“ఇళ్లు ఇరవై మూడు. మనుషులు నూట నాలుగు...” పక్కావిడ ఆమె భుజం తట్టింది. “ఆఁ, మంగళారం పుట్టింది కదా. నూట అయిదు.”

గదిలోకి తిరిగి వచ్చేసరికి నాలుగూ నలభై. పెద్ద భాగాలు మార్చినప్పుడు కట్టమెదడు తన స్థిరాంకాలన్నిటినీ మళ్లీ ఒకసారి సాంకేతికుల చేత సరిచూపించుకుంటుంది. మూడు వందల నలభై వరుసలున్న పత్రం. ఎవరూ చదవరు. కిందికి జరిపి వేలు పెడతారు. షంషాద్ కూడా ఇప్పటికి పదకొండు స్టేషన్లలో అలాగే పెట్టింది. ఆ పదకొండింటిలో ఎన్ని సున్నాలున్నాయో ఆమెకు గుర్తు లేదు.

‘పదిహేడో గేటు ఎదుట నివాసితులు’ అన్న వరుస దగ్గర ఆగి, సున్నా చెరిపి, నూట అయిదు వేసింది.

తెర మీద పసుపు గీత ఒకటి లేచింది. విలువ మారింది, ధ్రువీకరించేది ఎవరు అని అడిగింది. ఆమె వేలు పెట్టింది. కళ్లతో చూసిన సాక్షి ఎవరు అని అడిగింది.

“జరుగమ్మా,” అన్నాడు నాంచారయ్య. చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు, బొటనవేలు ఆనించాడు. బురద వల్ల గుర్తు పడలేదు. ఉమ్మితో తడిపి, మళ్లీ తుడిచి, గట్టిగా నొక్కాడు. ఈసారి పడింది. ఆయన వేలు తియ్యడానికి కాస్త ఆలస్యం చేశాడు.

అయిదూ నాలుగుకు తొమ్మిదో స్టేషన్ సైరన్ మోగింది. దాని మీది గూడులోంచి పక్షులు లేచిపోయాయి. పన్నెండేళ్లలో అది మోగడం ఇదే మొదటిసారి. బురదలో ఉన్న ఆడవాళ్లు మొదట ఉలిక్కిపడి నిలబడిపోయారు, తర్వాత బుట్టలు పట్టుకుని నింపాదిగా దిబ్బ వైపు నడిచారు. పరిగెత్తాల్సిన పని లేకపోయింది. అయిదూ పందొమ్మిదికి ఇరవై ఒక్క గేట్లు నిండుగా లేచాయి. పదిహేడోది జానెడు లేచి ఆగింది, మళ్లీ జానెడు లేచింది. యంత్రం కూలలేదు. ఎర్రటి వాననీరు గర్జిస్తూ సముద్రంలోకి పోయింది.

అయితే ఆ జానెడు జానెడుకూ ఖరీదు ఉంది. లంకపూడి ఆసుపత్రి మెట్ల మీంచి నీరు ఆరున్నరకు దిగాల్సింది, ఏడుంపావు అవుతుందని కట్టమెదడు లెక్క కట్టి చూపించింది. షంషాద్ ఆ అంకెను చాలాసేపు చూసింది. ముప్పావుగంట. అక్కడ ఎవరో రోగిని భుజాల మీద మోస్తూ నీళ్లలో నిలబడి ఉండవచ్చు.

ఫోన్ మోగింది.

“ఏం చేశారు మీరు?” చక్రపాణి అరవలేదు. అలసిపోయిన మనిషి చిన్నగా అడిగినట్టే అడిగాడు. “గుల్లదిబ్బలో నూట అయిదుగురంటోంది నా తెర. అది జనశూన్యం అని పన్నెండేళ్ల కిందటే సంతకాలయ్యాయి.”

“నేను వెళ్లి చూశానండీ. ఉన్నారు. మీరడిగారు కదా, ఆ డ్రైవర్ ఏం చేసేదని. వాళ్ల మీదికి గేటు ఎత్తకుండా ఆపేది.”



“ఆ సంగతి నాకు చెప్పి ఉంటే ఏదో ఒకటి చూసేవాళ్లం. పత్రంలో ఎందుకు వేశారు? ఒక్క సున్నా తప్పని తేలితే యంత్రాలు ఊరుకోవు. తీరం మీది ముప్పై ఒక్క స్టేషన్ల సున్నాలూ ఒకే సర్వేలోవి. గేట్ల ఎదుట ఎవరైనా ఉన్నారా అని మిగిలిన ముప్పై స్టేషన్లకూ మీ కట్టమెదడు ప్రశ్న పంపేసింది. జవాబు డ్యూటీలో ఉన్న లస్కరే ఇవ్వాలి, మేమివ్వడానికి లేదు. అన్నీ వచ్చేదాకా నీటి విడుదల పట్టిక మొత్తం ఆగిపోతుంది. మీకు అర్థమవుతోందా?”

“ఇప్పుడే అర్థమవుతోందండీ.”

ఆమె నిజమే చెప్పింది. ఒక గేటు గురించి మాత్రమే తాను నిర్ణయం తీసుకున్నాననుకుంది. ఫోన్ చెవికి ఆనించుకునే తెర వైపు తిరిగింది. అడుగున, ఎప్పుడూ ఖాళీగా ఉండే పెట్టెలో, ఇతర స్టేషన్ల జవాబులు పడటం మొదలయ్యాయి. రెండో స్టేషన్, లేరు. ఏడో స్టేషన్, లేరు. నాలుగో స్టేషన్, ఉన్నారు, పదకొండు మంది. పంతొమ్మిదో స్టేషన్, ఉన్నారు, రెండు కుటుంబాలు, పేర్లు కూడా రాయమంటారా.

నాంచారయ్య ఆమె వెనక నిలబడి ఒక్కో వరుసా పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. పంతొమ్మిదో స్టేషన్ లస్కరు తనకు తెలిసినవాడేనని, ఎప్పుడు కలిసినా గేట్ల గురించి ఒక్క మాటా మాట్లాడేవాడు కాదని చెప్పాడు.

“మీ తెర మీద కూడా వస్తున్నాయా?” అని అడిగింది షంషాద్ ఫోన్లో.

“వస్తున్నాయి,” అన్నాడు చక్రపాణి. అతను కూడా చదువుతున్నట్టుంది, మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. “ఇరవై ఆరు చూశారా?”

ఆమె కిందికి జరిపింది. ఇరవై ఆరో స్టేషన్ లస్కరు అంకె వెయ్యాల్సిన చోట అంకె వెయ్యలేదు. ఉన్నారు, అని రాశాడు. చాలామంది ఉన్నారు. లెక్కపెట్టడానికి బయల్దేరుతున్నాను, నేను తిరిగి వచ్చేదాకా గేట్లు ఎత్తకండి.